రత్నాంబ గారి చేతి బోణీ

తాడేపల్లిగూడెం మార్కెట్ వీధిలో పొద్దున్నే మొదటి బేరం ఎవరు చేస్తారన్నది చిన్న విషయం కాదు. ఉల్లిపాయల టోకు వ్యాపారి దగ్గర్నుంచి పూలబుట్ట పెట్టుకున్న మనిషి దాకా అందరూ ఆ చెయ్యి కోసమే చూస్తూ కూర్చుంటారు. నేనూ కూర్చుంటాను. నాది స్టేషనరీ, జిరాక్సు కొట్టు. పేరు హరిప్రసాద్. మా నాన్న పెట్టిన కొట్టు ఇది, మూసేసే ధైర్యం లేక నడుపుతున్నాను. ఎవరైనా పొద్దున్నే మొదటి జిరాక్సు అరువు అడిగితే ఆ రోజంతా నా మొహం మాడిపోయే ఉంటుంది. చదువుకున్నవాడివి, నీకిదేం పిచ్చి అని మా ఆవిడ అంటుంది. పిచ్చే. కాదని ఎవరన్నారు.

ఈ వీధిలో ముప్పై అయిదేళ్ళ పాటు అందరూ కోరుకున్న చెయ్యి ఒకటే. అది రత్నాంబ గారిది. ఆవిడ గురించి రాద్దామని కూర్చున్నాను. రాసే అర్హత నాకుందా అంటే, లేదు. ఎందుకు లేదో మధ్యలో నేనే చెబుతాను, దాచుకోను.

ఆవిడ పుట్టిల్లు ఏలూరు. మా వాళ్ళే, వర్తకుల కుటుంబం. పెళ్ళయి గూడెం వచ్చారు. భర్తకి మా వీధి మలుపులో చిన్న కిరాణా కొట్టుండేది. ఆయన కామెర్లతో పోయేనాటికి ఆవిడకి ముప్పై ఒక్క ఏళ్ళు, పిల్లల్లేరు. ఏడాది తిరక్కుండా కొట్టు మరుదుల చేతికి వెళ్ళింది. ఆవిడకి మిగిలింది వెనక గది, ఒక రోలు, ఒక ఇత్తడి జల్లెడ. కందిపొడి, కరివేపాకు పొడి, గుమ్మడి వడియాలు చేసి అమ్ముకుంటూ బతికారు.

అప్పట్లో వీధి ఆవిడతో ఎలా ఉండేదో నాకు బాగా గుర్తు. నాకప్పుడు పదేళ్ళు. కొట్లకి ఇప్పటిలా షట్టర్లు కాదు, చెక్కలుండేవి. పొద్దున్నే ఆవిడ సంచి పట్టుకుని వస్తుంటే మా నాన్న తీసిన చెక్కల్లో రెండు మళ్ళీ వేసేవాడు. ఆవిడ దాటి వెళ్ళాక తీసేవాడు. భర్త పోయిన ఆడమనిషి మొదటి బేరానికి ఎదురు రాకూడదు, అదీ సంగతి. మా నాన్న చెడ్డవాడేం కాదు. ఆవిడని ఏనాడూ ఒక్క మాట అనలేదు. వీధిలో ఎవరూ అనలేదు. మా వైపు మనుషులం మాట అనం, చెక్క వేస్తాం.

ఆవిడకది తెలుసు. అందుకే పది దాటాక, అందరి బేరాలూ మొదలయ్యాక వచ్చేవారు. అప్పటికి బళ్ళ మీద మిగిలేవి అందరూ ఏరుకోగా వదిలేసిన కూరలు.

అలాంటి రోజుల్లో యేసుదాసు వచ్చాడు. ఉంగుటూరు దగ్గర ఒక పల్లెటూరి మనిషి. ఇరవై రెండేళ్ళ వయసులో మా వీధి చివర కూరగాయల బండి పెట్టాడు. ఒకనాడు రత్నాంబ గారు ఎవరికో కందిపొడి తొందరగా అందించాల్సి వచ్చి ఎనిమిదింటికే బయటికొచ్చారు. మా చెక్కలు పడ్డాయి. యేసుదాసు మాత్రం పిలిచాడు.

“అమ్మగారూ, వంకాయలు లేతగా ఉన్నాయండి. బోణీ చెయ్యండి.”

“నేను చెయ్యకూడదయ్యా. ఎవరన్నా వచ్చి తీసుకోనీ, తరవాత నేను తీసుకుంటాను.”

“ఎవరో వచ్చేదాకా మీరెందుకు నిలబడాలండి? మా ఇళ్ళల్లో ఆ పట్టింపు లేదండి.”

ఆవిడ వీధి అటూ ఇటూ చూశారు. చెక్కల సందుల్లోంచి మేం చూస్తున్నాం. ఆవిడ బండి దగ్గరికి వెళ్ళి ఒక్కో వంకాయా తీసి, తొడిమ కింద చూసి, బొటనవేలితో నొక్కి, అరకేజీ ఏరుకున్నారు. కొంగు ముడి విప్పి చిల్లర ఇచ్చారు. యేసుదాసు ఆ చిల్లర కళ్ళకద్దుకున్నాడు.

మర్నాడు అతను వీధంతా చెప్పాడు, తొమ్మిదింటికల్లా బండి ఖాళీ అయిపోయిందని. వారం రోజులు రోజూ ఆవిడ చేతే బోణీ చేయించుకున్నాడు, వారం రోజులూ అదే మాట చెప్పాడు. ఎనిమిదో రోజు పూల మనిషి పిలిచింది. తరవాత అరటిపళ్ళతను. మా నాన్న ఆర్నెల్లు ఆగాడు, ఆయనది కాస్త గట్టి నమ్మకం. ఆ తరవాత ఒకరోజు వీధిలోకి ఎదురెళ్ళి, “అమ్మా, ఒక నోటు పుస్తకం తీసుకోండమ్మా” అన్నాడు. చెక్కలు వేసిన చేత్తోనే పుస్తకం అందించాడు. ఆవిడ అట్ట తిప్పి చూసి, కాగితం వెలుతురుకి పెట్టి చూసి, డబ్బులిచ్చి తీసుకున్నారు.

పదేళ్ళు తిరిగేసరికి గూడెంలో కొత్త కొట్టు పెడితే రత్నాంబ గారు రావాల్సిందే. ఉల్లిపాయల సుబ్బయ్య గారు గోడౌను తెరిచినప్పుడు మొదటి బస్తా ఆవిడే కొన్నారు. ఆ ఏడు ఉల్లి ధర ఎక్కడికో వెళ్ళింది, సుబ్బయ్య గారు మేడ కట్టారు. అదంతా ఆవిడ చెయ్యేనని ఆయన నమ్మకం. తణుకు నుంచీ, నల్లజర్ల నుంచీ కూడా కారు పంపేవారు. పెళ్ళి పనులకి పిలవని మనిషిని కొట్టు తెరవడానికి పిలిచేవాళ్ళం. ఆ తేడా మాకెవరికీ కనబడలేదు. ఆవిడకి కనబడే ఉంటుంది, ఏనాడూ పైకి అనలేదు.

ఆవిడకి రెండు పద్ధతులుండేవి. ఒకటి, బోణీకి డబ్బు తన కొంగులోంచే ఇవ్వాలి. ఊరికే ఇస్తామంటే పుచ్చుకునేవారు కాదు. రెండోది, కొన్ని రోజులు కొన్ని కొట్ల దగ్గర చెయ్యి పెట్టేవారు కాదు. “ఇవాళ ఏకాదశండి, రేపు తీసుకుంటాను” అని మెల్లగా తప్పుకునేవారు. నెలకి రెండు ఏకాదశులుంటే ఈవిడకి పది ఎలా వస్తున్నాయో అని నేనూ పక్క కొట్టు వాళ్ళూ నవ్వుకునేవాళ్ళం. ఆవిడ ఏకాదశి అన్న కొట్టు ఆర్నెల్లలో మూతబడేది. చూశారా, చెయ్యి పెట్టకపోతే ఇంతే అని మళ్ళీ మేమే అనుకునేవాళ్ళం.

ఇక దత్తసాయి సంగతి. రత్నాంబ గారి చెల్లెలి మనవడు, ఏలూరు కుర్రాడు. గూడెంలో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ ఆవిడ దగ్గరే ఉన్నాడు. ఆవిడ వెనక గదిలో ఒకే ఒక్క బల్ల ఉంటే అది అతనికి ఇచ్చేసి, ఆవిడ నేల మీద జల్లెడ పట్టుకునేవారు. చదువయ్యాక ఉద్యోగానికి వెళ్ళకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఇటుకల్లాంటి ముక్కలు పేర్చి ఊళ్ళూ కొండలూ కట్టుకునే విదేశీ ఆట ఒకటుంది, ప్రపంచంలో పిల్లలందరూ ఆడతారు. దాంట్లో ఇతను మా కొల్లేరు కట్టాడు.

వెక్కిరించడానికే చూశాను మొదటిసారి. చూశాక వెక్కిరించలేకపోయాను. పడవ వేసుకుని లంక గ్రామాలన్నీ తిరిగి ఫోటోలు తీసుకుని, గట్టు మీద రోడ్లూ, చేపల చెరువులూ, కిక్కిస గడ్డీ, చెట్ల మీద గూడబాతుల గూళ్ళూ ఒక్కో ముక్కా పేర్చి రెండేళ్ళు కట్టాడు. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఆ నీళ్ళ మీద పడవ నడిపేవారు. రూపాయి తీసుకునేవాడు కాదు. రత్నాంబ గారు మధ్యాహ్నాలు వెనక కూర్చుని చూస్తూ, “ఆ లంకలో మా మేనత్తని ఇచ్చారు. ఇల్లు ఇంకాస్త ఎడమకి ఉండాలి” అనేవారు. అతను ఎడమకి జరిపేవాడు.

అక్కడితో ఆగితే ఈ కథ లేదు. హైదరాబాదు నుంచి ఒక మధ్యవర్తి ఫోన్ చేసి దత్తసాయికి ఆశ పెట్టాడు. కొల్లేటి గూడబాతులు అయిదువందలు తయారు చెయ్యమన్నాడు. ఒక్కో పక్షికీ ఒక నంబరు. ఆ నంబరు పక్షి లోకంలో ఇంకొకటి ఉండదు. కొన్నవాడి పేరు క్రిప్టో అనే కంప్యూటర్ డబ్బు లెక్కల్లో చెరపడానికి వీల్లేకుండా ఉంటుంది. కొన్న పక్షిని దత్తసాయి కొల్లేటి మీద వదులుకోవచ్చు, రేపు ధర పెరిగితే అమ్ముకోవచ్చు. మా వీధికి చివరి ముక్క ఒక్కటే బాగా అర్థమైంది.

రెండు వేల ఇరవై రెండు వైశాఖంలో ఒక మంచి రోజు చూసి సుబ్బయ్య గారి ముందు గదిలో మొదలుపెట్టారు. లాప్‌టాప్‌కి పసుపు కుంకుమ పెట్టారు. కీబోర్డు మీద కుంకుమ రాలితే దత్తసాయి ఊదుకున్నాడు. నలభై మందిమి ఉన్నాం. రత్నాంబ గారిని కుర్చీలో కూర్చోబెట్టారు.

“సరుకేది నాయనా?” అని అడిగారు ఆవిడ.

దత్తసాయి తెర మీద పక్షిని చూపించాడు. బూడిద రంగు ఒళ్ళు, కింద సంచీ వేలాడే పొడుగు ముక్కు. బాగుంది.

“పట్టుకు చూడ్డానికి లేదా?”

“లేదమ్మమ్మా. ఇది ఇక్కడే ఉంటుంది.”

“ఇక్కడంటే, ఎవరి నీళ్ళు ఇవి?”

“కట్టింది నేనే అమ్మమ్మా. ఆట మాత్రం కంపెనీ వాళ్ళది.”

నేను పక్కనే ఉన్నాను. ఆవిడ పెదాలు కదిలాయి. ఆ రోజు ఏకాదశి అంటారేమోనని నాకు చప్పున అనిపించింది. ఆవిడ తలెత్తి దత్తసాయి మొహం చూశారు. అతను గుటకలు మింగుతున్నాడు. ఆవిడ అనలేదు. కొంగు ముడి విప్పబోతే దత్తసాయి చెయ్యి పట్టుకుని, “నీ దగ్గర డబ్బు తీసుకుంటానా అమ్మమ్మా, నేను కట్టేశాను, నువ్వు ఈ మీట నొక్కు చాలు” అన్నాడు. ఆవిడ నొక్కారు. అందరం చప్పట్లు కొట్టాం. ఎవరో ఫోటో తీశారు. సాయంత్రానికి ఆ ఫోటో గూడెంలో ప్రతి ఫోనుకీ చేరింది, కింద ‘రత్నాంబ గారి చేతి బోణీ’ అని.

నేను మూడు పక్షులు కొన్నాను. సుబ్బయ్య గారు ఎన్ని కొన్నారో ఆయనే చెప్పరు. గాజుల కొట్టు భావన, భర్త వదిలేసి వెళ్ళాక ఒంటి చేత్తో బతుకుతున్న పిల్ల, ఎంబ్రాయిడరీ మిషను కోసం కూడబెట్టుకున్నది మొత్తం పెట్టింది. క్రిప్టో అంటే ఏమిటో మాలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఆవిడ చెయ్యి పెట్టారు, అంతే మాకు కావలసింది. రెండు నెలలు ధర పెరిగింది కూడా. నేను జిరాక్సులు తీస్తూ మధ్యమధ్యలో ఫోన్ తీసి నా పక్షుల్ని చూసుకునేవాణ్ణి.

ఆషాఢం చివర్లో ఒక పొద్దున ఆ ఆట కంపెనీ ప్రకటన ఇచ్చింది. మధ్యాహ్నానికి మార్కెట్లో తెలిసింది, పక్షుల్ని అడిగేవాడు లేడని. మర్నాడు రత్నాంబ గారు దత్తసాయి ఫోన్ తీసుకుని నా కొట్టుకి వచ్చారు.

“దీని అచ్చు తీసి, ఏమన్నారో తెలుగులో చెప్పండి హరిప్రసాదుగారూ. వాడు చెప్పడం లేదు, గోడకి తిరిగి పడుకున్నాడు.”

చదివి చెప్పాను. మా ఆటలో ఉన్నది ఆడే పిల్లలందరికీ ఒక్కలాగే అందాలి. కొందరికే దొరికేలా చేసి, రేపు ధర పెరుగుతుందని ఆశ చూపి అమ్మడం మా ఆటకి సరిపడదు. క్రిప్టో కరెన్సీనీ, ఇలా నంబర్లు వేసి అమ్మే డిజిటల్ బొమ్మల్నీ ఇకమీదట ఒప్పుకోం. అలా అమ్మకాలు పెట్టిన లోకాల్ని మూసేస్తాం. అంతే దాని సారాంశం.

ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. “వాళ్ళ చెరువు, వాళ్ళిష్టం. చెప్పిందాంట్లో తప్పేముందండి?” అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. మూడు పక్షులు పోయినవాడి దగ్గరా ఈ మాట అనేది అనుకున్నాను. ఆ మంటలోనే మర్నాడు చేసిన పని చేశాను.

మర్నాడు ఎనిమిదికి ఆవిడ ఎప్పటిలాగే వచ్చారు. నేను షట్టరు సగమే ఎత్తాను, ఊదొత్తి ఇంకా వెలిగించలేదు, చేతిలోనే ఉంది. “పెన్ను ఒకటి ఇవ్వండి” అన్నారు. “అయ్యో, బోణీ ఇప్పుడే అయిపోయిందండి. కాసేపాగి రండి” అన్నాను. ఆవిడ నా చేతిలో ఊదొత్తి కేసి చూశారు. నా మొహం కేసి చూశారు. “మంచిదండి” అని వెళ్ళిపోయారు.

పక్క కొట్టులోనూ అదే మాట. పూల మనిషీ అదే మాట. ఎవరమూ కూడబలుక్కోలేదు, అయినా అందరి నోటా ఒకటే మాట, అదీ ఎంతో మర్యాదగా. అయిపోయిందండి. ఇప్పుడే అయిందండి. ఎవరూ కసరలేదు, నిలదీయలేదు. ముప్పై అయిదేళ్ళ తరవాత మళ్ళీ చెక్కలు వేశాం. ఆవిడకున్న ఆస్తి ఆ చేతి మీద పేరొక్కటే. దాని మీదే ఈ వీధిలో తలెత్తుకుని నడిచారు. అది మేం తీసేసుకున్నాం.

ఆవిడ పోట్లాడలేదు. మర్నాటి నుంచి మళ్ళీ పది దాటాకే రావడం మొదలుపెట్టారు. యేసుదాసు బండి వైపు మాత్రం వెళ్ళడం మానేశారు, చుట్టు తిరిగి వెనక సందులోంచి పోయేవారు. అతనొక్కడూ పక్షి కొనలేదు, అతని దగ్గర పెద్ద ఫోనే లేదు. అయినా వెళ్ళలేదు. అతని బేరం కూడా పాడవుతుందని ఆవిడ భయం.

కంపెనీ చెప్పిన రోజుకి దత్తసాయి కొల్లేరు మూతబడింది. చిత్రంగా నా పక్షులు అలాగే ఉన్నాయి, నంబర్లతో సహా. నా పేరు ఎవరూ చెరపలేదు. ఈదడానికి నీళ్ళే లేవు. మధ్యవర్తి ఫోను తియ్యడం మానేశాడు. దత్తసాయి తన లాప్‌టాప్ అమ్మి భావనకి కొంత ఇవ్వబోతే, ఆ పిల్ల తీసుకోలేక, వద్దనలేక ఏడ్చింది.

శ్రావణంలో సుబ్బయ్య గారు నా కొట్టుకి రత్నాంబ గారిని పిలిపించారు. శ్రావణంలో బోణీలు మొదలవకపోతే ఏడాదంతా దెబ్బ అని ఆయన బాధ. ఆయనకి పోయిన డబ్బు కంటే పోయిన నమ్మకం ఎక్కువ ఇబ్బందిగా ఉంది.

“అమ్మా, నేను బాగా ఆలోచించానండి. ఆ రోజు మీరు డబ్బివ్వలేదు. ఆ కుర్రాడు కట్టాడు. మీ కొంగులోంచి రూపాయి రానప్పుడు అది బోణీ కిందకి రాదండి. ఆదివారం సంఘం మీటింగులో ఆ మాట మీరొక్కసారి చెప్పండి. చెయ్యి మీద మచ్చ పోతుంది.”

“మరి తప్పెవరిదవుతుందండీ?”

“వాడిదే కదమ్మా. పెద్దమనిషి చెయ్యి వాడుకుని, పద్ధతి తప్పాడు.”

ఆవిడ కొంచెంసేపు బల్ల మీద అరచెయ్యి పెట్టి దాన్నే చూసుకున్నారు. “వస్తానండి ఆదివారం” అన్నారు. నాకు మనసు తేలికపడింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. సుబ్బయ్య గారి మాట నాకు ఎంతో బాగుంది. ఆవిడకి చెయ్యి దక్కుతుంది, మాకు ఆవిడ దక్కుతారు, పోయేది ఎలాగూ పోయిన కుర్రాడు.

ఆదివారం పదకొండింటికి వర్తక సంఘం హాలు నిండింది. దత్తసాయి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. సుబ్బయ్య గారు లేచి, బోణీ పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పి, ఆవిడని మాట్లాడమన్నారు. రత్నాంబ గారు మైకు వద్దన్నారు.

“సుబ్బయ్య గారు నా మంచికే చెప్పారండి. ఆ రోజు నేను డబ్బివ్వలేదు, నిజమే. కానీ నొక్కింది నా వేలే. నవ్వి ఫోటో దిగింది నేనే. అది నా బోణీయే.

“ఇంకోటి కూడా చెప్పాలండి. నా చేతిలో ఎప్పుడూ ఏమీ లేదు. నేను సరుకు చూసి కొనేదాన్ని, అంతేనండి. ఒక్కదాన్ని బతకాలి, పుచ్చు వంకాయ తెచ్చుకుంటే ఆ పూట నాకు కూరుండదు. అందుకని తిప్పి చూసి, నొక్కి చూసి తీసుకునేదాన్ని. బాగుంటే తీసుకున్నాను. బాగోకపోతే, తూకం తప్పుగా ఉంటే, మనిషి మాట తేడాగా ఉంటే, మొహం మీద అనలేక ఏకాదశి అన్నాను. అన్ని ఏకాదశులు లేవండి. అబద్ధం చెప్పాను. మంచి సరుకు పెట్టినవాళ్ళు నిలబడ్డారు. మీరు నా చెయ్యి అనుకున్నారు. నేను కాదనలేదు. కాదంటే మళ్ళీ నన్ను వీధిలోకి రానివ్వరని భయపడ్డాను.”

ముందు వరసలోంచి భావన లేచింది.

“మరి ఆ రోజు ఏకాదశి అని ఎందుకనలేదండి మామ్మగారూ?”

ఆ ప్రశ్నకి రత్నాంబ గారి మొహం నలిగిపోయింది. నేను చూడలేక తల దించుకున్నాను.

“మావాడమ్మా. ముట్టుకోడానికి లేని సరుకు. నీళ్ళు ఇంకొకళ్ళవి. నా నోటిదాకా వచ్చింది. వాడి మొహం చూసి మింగేశాను. నా జన్మలో చూడకుండా చెయ్యి పెట్టింది అదొక్కసారే, నువ్వు నమ్మిందీ ఆ ఒక్కసారే. వాడు నన్ను మోసం చెయ్యలేదు. వాడూ నమ్మాడు. వద్దని చెప్పాల్సినదాన్ని నేను చెప్పలేదు. తప్పు నాది.”

అక్కడి నుంచి వెనక్కి నడిచి, దత్తసాయి మోచెయ్యి పట్టుకుని, “పద నాన్నా” అని బయటికి తీసుకెళ్ళారు. అతను చిన్నపిల్లాడిలా ఏడుస్తూ వెళ్ళాడు. హాల్లో మిగిలినవాళ్ళలో సుబ్బయ్య గారికి అందరికంటే కోపం వచ్చింది. “లేదనడానికి ఆవిడెవరండీ? నా మేడ కళ్ళెదురుగా లేదా?” అన్నారు. పాపం, ఆయన మేడ కింద పునాది లాగేసినట్టయింది.

నాకు ఆ రోజు అన్నం దిగలేదు. మా నాన్న చెక్క వేశాడని కదా ఇంత వివరంగా రాశాను. మా నాన్నకి కనీసం తను నమ్మిన పద్ధతంటూ ఒకటుంది. నాకేముంది, మూడు బొమ్మ పక్షులు. ఊదొత్తి వెలిగించకుండా అబద్ధమాడిన చేతిని నేనే చూసుకోలేకపోయాను.

సోమవారం ఏడున్నరకే ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆవిడ పొడి జల్లిస్తున్నారు.

“నన్ను క్షమించండమ్మా. ఆ రోజు బోణీ అవలేదండి.”

“తెలుసండి. ఊదొత్తి చూశాను కదా” అన్నారు. కోపం లేదు. కోపముంటే నాకు బాగుండేది.

వీధిలోకి రమ్మని బతిమాలాను. ఎందుకండి, నా చేతిలో ఏమీ లేదని చెప్పేశాను కదా అన్నారు. అందుకే రమ్మంటున్నానన్నాను. ఏమనుకున్నారో, సంచి తీసుకుని నాతో నడిచారు. అలవాటు కొద్దీ వెనక సందు వైపు తిరిగితే, “ఇటు కాదండి” అని మెయిన్ వీధి వైపే తీసుకెళ్ళాను. వీధి చివర యేసుదాసు బండి మీద నీళ్ళు చల్లుకుంటున్నాడు. అతనికిప్పుడు దగ్గర దగ్గర అరవై. ఆవిడని చూసి చెంబు కింద పెట్టేశాడు.

“నెల దాటిందండి అమ్మగారూ, బోణీ లేకుండానే అమ్ముకుంటున్నాను. రండి.”

“ఎవరన్నా రానీ యేసుదాసూ. నేను నిన్న అందరిలో చెప్పాను, నువ్వు వినలేదేమో. నా చేతిలో ఏమీ లేదయ్యా.”

“నాకు తెలుసండి.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదండి. మొదటి రోజే తెలుసండి.” అతను నా కేసి ఒకసారి చూసి, ఇక దాచేదేముందన్నట్టు చెప్పాడు. “ఆ రోజు నా బండి ఖాళీ అవలేదండి. సగం సరుకు మిగిలిపోతే, గోనె కప్పి తొమ్మిదింటికే బండి తోసుకుపోయాను. వాడిపోయినవి సాయంత్రం కాలవలో పారబోసి వెళ్ళాను. ఆ వారమంతా అంతేనండి. అయిపోయిందని ఊరికే చెప్పాను.”

రత్నాంబ గారు బండి అంచు పట్టుకున్నారు. “ఎందుకయ్యా?”

“వీళ్ళంతా చెక్కలు వేస్తున్నారు కదండి. వేరే ఏం చెబితే తీస్తారో నాకు తెలీలేదు.”

నేను అక్కడే ఉన్నాను. వీళ్ళంతా అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, వాటి పాటికి అవి కారాయి. “మరి తరవాత తరవాత నిజంగానే ఖాళీ అయ్యేది కదయ్యా. నేను చూసేదాన్ని.”

“అయ్యేదండి. మీరు పొద్దున్నే వస్తారు, ఒక్కోటీ తిప్పి చూస్తారు. చూస్తారని భయం కదండి నాకు. అందుకని తోటలో నేనూ ఒక్కోటీ తిప్పి చూసి తెచ్చేవాణ్ణి. ఈ నెల రోజులూ మీరు రాలేదు, నేనూ సరిగ్గా చూడలేదండి. బేరం తగ్గింది.”

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. సంచి నా చేతికిచ్చి, బండి మీదికి వంగి ఒక వంకాయ తీశారు. తొడిమ కింద చూశారు. బొటనవేలితో నొక్కి పక్కన పెట్టుకున్నారు. రెండోది తీశారు, మూడోది తీశారు. నాలుగోది తిప్పి చూసి అతనికి తిరిగిచ్చేశారు.

“ఇది పుచ్చు” అన్నారు.

యేసుదాసు దాన్ని తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.